అవతలి వారి చెవి

ఈ మధ్య మా మధురానగర్ వీధుల్లో పచ్చ నంబరు ప్లేటు కార్లు ఎక్కువయ్యాయి. చప్పుడు చెయ్యకుండా వెనకాల వచ్చి నిలబడతాయి. కూరలబండి అతను ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంటాడు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగితే వింతగా చూసినవాళ్ళే, 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్లకు రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషను రుసుమూ మినహాయించాక బేరాలకు దిగారు. పెట్రోలు లేదు, పొగ లేదు, రొద లేదు. ఇంకేం కావాలి?

ఏం కావాలో మా పై వాటా ఇంజనీరుగారి అమ్మగారికి తెలిసింది. ఆవిడ భీమవరంలో ఉంటారు. అబ్బాయి సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ అమీర్‌పేట రద్దీలో ఇరుక్కునే వేళకు రోజూ తల్లీ కొడుకుల కబుర్లు. చేత్తో ఫోను పట్టుకోనక్కర్లేదు. కారే మోగుతుంది, కారే పలుకుతుంది. అయితే కొత్త కారు వచ్చిన పదిహేను రోజులకు ఆవిడ ఫోను చెయ్యడం మానేశారు. అడగ్గా అడగ్గా చెప్పారట: "నా మాట నాకే రెండోసారి వినిపిస్తోందిరా నాయనా. చెవులు పాడయినట్టున్నాయి. డాక్టరుకు చూపించుకోవాలి."

ఆవిడ చెవులు లక్షణంగా ఉన్నాయి. జబ్బు చేసింది కారుకి. శిక్ష మాత్రం ఆవిడకి. ఈ యంత్రంలో తమాషా అంతా ఇక్కడే ఉంది.

ఎలాగంటారా? భీమవరంనుంచి వచ్చిన మాట కారు స్పీకర్లలో పలుకుతుంది. కారు పైకప్పున, చాలావాటిలో దీపం పక్కనే, మైకు ఉంటుంది. ఆ మాట ఈ మైకులో దూరి మళ్ళీ భీమవరం వెళ్ళిపోతుంది. అలా వెళ్ళకుండా ఏరి పారెయ్యడానికి కారులో ఒక ఏర్పాటు ఉంటుంది. అది సరిగ్గా పని చెయ్యకపోతే అవతలివారికి ప్రతిధ్వని. కారులో కూర్చున్న పెద్దమనిషికి మాత్రం అంతా గంట కొట్టినట్టు వినిపిస్తుంది. అంచేత గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ప్రతిధ్వని ఎవరికి వినిపిస్తే, లోపం ఎక్కువసార్లు రెండోవారి దగ్గర ఉంటుంది.

ఇంజనీరుగారు కారును అమ్మినచోటికే తీసుకెళ్ళారు. అక్కడి కుర్రవాడు కారులో కూర్చుని ఎవరికో ఫోను చేసి, "బ్రహ్మాండంగా వినిపిస్తోంది సార్, ఏ లోపమూ లేదు" అని పంపేశాడు. వినిపించక ఏమవుతుంది? అతను కూర్చున్నది లోపలాయె! అవతలి మనిషిని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

ఇది బ్యాటరీ కరెంటు చేసే అల్లరేమోనని ఇంజనీరుగారి అనుమానం. ఆ అనుమానానికి మూలం లేకపోలేదు. మోటారును అదుపు చేసే విద్యుత్తు మీడియం వేవ్ రేడియోలో గరగర పుట్టిస్తుందని కొన్ని కంపెనీలు విద్యుత్ కార్లలో ఆ రేడియోనే తీసేశాయి. కాని ఏళ్ళ తరబడి హైదరాబాదు ఆకాశవాణి పలికిన మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 7 లక్షల 38 వేల కంపనాలు. ఫోనునూ కారునూ కలిపే బ్లూటూత్ సెకనుకు 240 కోట్ల దరిదాపుల్లో నడుస్తుంది. పైగా గరగర వేరు, ప్రతిధ్వని వేరు. రొద ఎంత పెరిగినా మనిషి మాటను రెండోసారి పలకదు.

ఆదివారం పొద్దున్న పరీక్షకు కూర్చున్నాం. కారు కింద నిలిపి ఆయన అందులో, నేను డాబా మీద. ముందు కారు స్పీకరు ధ్వని తగ్గించమన్నాను. నా ప్రతిధ్వని సగం తగ్గింది. ఏ.సి. గాలి పెంచితే ఆయన గొంతు వానలో మాట్లాడినట్టయింది. ఇంజను రొద లేని కారులో ఈ గాలి హోరే పెద్ద శత్రువు. గాలి మైకువైపు పోకుండా తిప్పితే అదీ నెమ్మదించింది. ఆ తరువాత ఆయన శ్రీమతి ఫోను కలిపి చూశాం. ప్రతిధ్వని అలాగే ఉంది. అంటే ఫోను నిర్దోషి, కారే దోషి అన్నమాట.

అప్పుడు ఆవిడే అన్నారు: "నెల్లాళ్ళుగా కారు తెరమీద ఏదో అడుగుతుంటే 'తరువాత' అని నొక్కుతున్నారుగా, అదేమిటో చూడరాదూ?" అది కొత్త సాఫ్టువేరు. దాన్ని ఎక్కించి, కారులో ఫోను పేరూ ఫోనులో కారు పేరూ రెండూ చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి జత కలిపారు. నా మాట నాకు తిరిగి రాలేదు. సాయంత్రం భీమవరానికి ఫోను వెళ్ళింది. చెవుల డాక్టరు ప్రసక్తి అంతటితో సరి.

ఇతరుల బాధలు ఇంకో రకంగా ఉండవచ్చు. పాటలు వస్తాయి గాని ఫోను మాట రాదంటే, ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో కారు పేరు కింద 'కాల్స్' అన్న మీట ఆపి ఉందేమో చూడండి. మోగుతుంది గాని మాట ఎటో పోతోందంటే, సంచిలో ఉన్న చెవి బడ్సు దాన్ని కాజేస్తున్నాయేమో వెతకండి. మాట ముక్కలు ముక్కలుగా వస్తే, బండి ఆపి, బ్లూటూత్ తీసేసి వట్టి ఫోనులో మాట్లాడి చూడండి. అప్పుడూ అంతేనంటే తప్పు సిగ్నలుది.

ఈ పరీక్షలన్నీ బండి నిలిపి చెయ్యవలసినవి. మాట సరిగా కుదరకపోతే మనవాళ్ళు ఏం చేస్తారో తెలుసుగా? విసుక్కుని ఫోను తీసి చెవికి ఆనించుకుంటారు. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షను దాన్ని ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చింది. చట్టం సంగతి అటుంచినా, యూసుఫ్‌గూడ మలుపులో ఎదురుగా వచ్చే బడిపిల్లలకు మన సంభాషణ ఎంత ముఖ్యమో తెలియదు కదా! చేతులు ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండదు. గట్టి సంగతి మాట్లాడవలసి వస్తే కారు పక్కకు ఆపడమే మర్యాద.

కొత్త కారు తీసుకునేవాళ్ళకు ఒక మనవి. రంగూ, సీట్లూ చూశాక, తాళం చెవి పుచ్చుకోకముందే ఇంటికో ఫోను చెయ్యండి. "నీకు నేనెలా వినిపిస్తున్నాను?" అని అడగండి. సంసారాల్లో కూడా ఈ ప్రశ్న మనం అడిగేది బహు తక్కువ.