ఆపరేషన్ తర్వాత ఆమె కంచం

బరువు తగ్గించే ఆపరేషన్ల ప్రకటనల్లో రెండు ఫోటోలుంటాయి: ముందు, తర్వాత. ఆ రెండో ఫోటో తర్వాత స్త్రీ ఎలా బతకాలో ఎవరూ చెప్పరు.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో 75-80 శాతం తీసేస్తారు. తీవ్రమైన స్థూలకాయం, మధుమేహం ఉన్నవారికి దీనివల్ల మేలు జరుగుతుంది. కాదనడం లేదు. కానీ ఆపైన జీవితాంతం కొంచెం కొంచెంగా, వేళ తప్పకుండా, మాంసకృత్తులు ముందుగా తినాలి. ఐరన్, కాల్షియం, బి12 మాత్రలు వాడాలి. రక్తపరీక్షలు చేయించుకోవాలి. కనీసం ఏడాది, ఏడాదిన్నర గర్భం రాకుండా చూసుకోవాలి.

అందరికీ వడ్డించాక మిగిలింది తినే ఇల్లాలికి ఇందులో ఏది తన చేతిలో ఉంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. శరీరం ఐరన్‌ను గ్రహించడాన్ని ఈ ఆపరేషన్ ఇంకా తగ్గిస్తుంది.

పెళ్ళి సంబంధం కోసమో, భర్త ఎత్తిపొడుపులు పడలేకో ఒప్పుకోవడాన్ని అంగీకారం అనగలమా? ఆమె డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి. పూర్తి సమాచారం తెలుగులో అందాలి. తర్వాతి మందుల, పరీక్షల ఖర్చు ఎవరిదో ముందే తేలాలి. మన సంఘాలు ఆసుపత్రులను ఇవి అడగాలి. ఇంట్లో ఆమె అందరికంటే చివర తినే పద్ధతిని కూడా ప్రశ్నించాలి.