బోనాల ఆదివారం, మన ఆరాధన

ఆషాఢం వచ్చిందంటే జంట నగరాల్లోని సంఘ కాపరులందరికీ ఒకే తరహా ప్రశ్నలు ఎదురవుతాయి. చందా ఇవ్వవచ్చా? ప్రసాదం తినవచ్చా? పక్కింటివాళ్లు భోజనానికి పిలిస్తే వెళ్లవచ్చా? కిందటేడు ఆదివారం ఆరాధన ముగిశాక మా సంఘంలోని ఒక సహోదరి వెనక వరుసలో అలాగే కూర్చుండిపోయింది. అందరూ వెళ్లాక దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, బోనాల చందా పుస్తకం పట్టుకొని వచ్చిండ్రు. ఏం చెయ్యమంటరు?" అని అడిగింది. నేను ఆలోచించకుండా, "ఇవ్వకమ్మా, మనకు దానితో పని లేదు" అన్నాను. ఆమె తల వంచుకుని ఒక్క మాట అంది. "మా ఆయన చచ్చిపోయిన రాత్రి దవాఖాన నుంచి శవాన్ని తెచ్చింది ఆ పిల్లలే అయ్యగారూ. మనోళ్లు పొద్దున వచ్చిండ్రు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఈ సంపాదకీయం ఆ సహోదరికి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

ముందు మనం మాట్లాడుతున్న సంగతి ఏమిటో తెలుసుకుందాం. తెలియని దాని మీద తీర్పు చెప్పడం విశ్వాసికి తగదు. బోనం అంటే భోజనమే. కొత్త కుండలోనో ఇత్తడి పాత్రలోనో వండిన అన్నం, బెల్లం, పెరుగు పెట్టి, పసుపు కుంకుమలు, వేపాకులతో అలంకరించి, పైన దీపం వెలిగించి, స్త్రీలు తలమీద పెట్టుకుని అమ్మవారి గుడికి తీసుకువెళ్తారు. గోల్కొండ కోటలోని గుడిలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి గుడికి, ఆ తర్వాత పాతబస్తీ లాల్ దర్వాజాకు పండుగ సాగుతుంది. సికింద్రాబాదు గుడి పుట్టుక గురించి చెప్పుకునే కథ 1813 నాటిది. ఇక్కడి నుంచి ఉజ్జయినికి వెళ్లిన పటాలంలోని సురిటి అప్పయ్య అనే వ్యక్తి, కలరాతో జనం చచ్చిపోతున్నారని విని, అక్కడి మహాకాళికి మొక్కుకుని, తిరిగి వచ్చి ఇక్కడ గుడి కట్టాడని అంటారు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది.

అంటే ఈ పండుగ వేరు భయంలో ఉంది. వానలు పడి, నీళ్లు చెడి, పిల్లలకు జబ్బులు వచ్చే కాలంలో తల్లులు పడే భయం అది. మన తాతముత్తాతలలో చాలామంది ఆ భయంతోనే పోచమ్మకు, ఎల్లమ్మకు మొక్కినవారు. 2020లో కరోనా వచ్చినప్పుడు బోనాలు ఇళ్లకే పరిమితమయ్యాయి, మన మందిరాల తలుపులూ మూతపడ్డాయి. ఆ వేసవి, ఆ ఆషాఢం మనమూ మన పొరుగువారూ ఒకే భయంతో బతికాం. ఆ భయాన్ని మనం ఎవరి పాదాల దగ్గర పెట్టామన్నదే తేడా. ఆ తేడా చాలా పెద్దది, దాన్ని నేను చిన్నది చేయడం లేదు. కానీ భయపడినవారిని చూసి నవ్వే హక్కు మనకు లేదు.

ఇక బస్తీలో ఈ గుడి చేసే పని చూడండి. గుడి కమిటీ అంటే పూజ ఒక్కటే కాదు. పండుగకు నెల ముందే కుర్రాళ్లు గుమిగూడతారు. చందాలు వసూలు చేసేవారు, పందిరి వేసేవారు, లైట్లు కట్టేవారు, తొట్టెలు తయారు చేసేవారు, ఫలహారం బండి లాగేవారు, నీళ్లు పంచేవారు అంటూ అందరికీ ఒక్కో పని ఉంటుంది. పెళ్లయిన ఆడపిల్లలు, అల్లుళ్లు ఇంటికి వస్తారు. ఏడాదంతా మాట్లాడుకోని అన్నదమ్ములు ఆ రోజు ఒక చోట కూర్చుని తింటారు. అదే కమిటీ కుర్రాళ్లు మురికికాలువ పొంగితే ఆఫీసు చుట్టూ తిరుగుతారు, ఎవరైనా చనిపోతే పాడె మోస్తారు. పనిలేని కుర్రాడికి అక్కడ ఒక పేరు, ఒక పని దొరుకుతాయి. మన సంఘంలో అతనికి దొరికేది చాలాసార్లు వెనక వరుసలో ఒక కుర్చీ మాత్రమే.

మన విశ్వాసులను ఆ వైపు లాగేది సిద్ధాంతమని మనం అనుకుంటాం. ఎక్కువసార్లు కాదు. పి. వై. లూకు, జాన్ కార్మన్ అనే ఇద్దరు మెదక్ ప్రాంతపు పల్లె సంఘాలను దగ్గరగా చూసి 1968లో ఒక పుస్తకం ప్రచురించారు. సెమినరీలో మేము దాన్ని చదివాం. బాప్తిస్మం పొందిన కుటుంబాలు ఊరి పండుగలను, మొక్కులను పూర్తిగా విడిచిపెట్టలేదని అది నిర్మొహమాటంగా చూపించింది. అప్పుడు మేము వారిని బలహీన విశ్వాసులు అనుకున్నాం. ముప్పై ఏళ్ల పరిచర్య తర్వాత నాకు ఇంకొకటి తోస్తోంది. ఆ పల్లెలో కలిసి బతకడానికి ఉన్న చోటు ఆ పండుగ ఒక్కటే అయితే, సంఘం వేరే చోటు చూపించకుండా ఉన్న చోటును విడిచి రమ్మంటే వారు ఎక్కడికి పోతారు?

ఇక్కడ మనం రెండు తప్పులు చేస్తున్నాం. మొదటిది, కలిపేసుకోవడం. ఉదయం ప్రభువు బల్ల, సాయంత్రం మొక్కు. ఇది కుదరదు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పదవ అధ్యాయంలో రెండు బల్లల దగ్గర పాలు పంచుకోలేమని తేటగా చెప్పాడు. బోనం ఎత్తడం, మొక్కు చెల్లించడం, రంగంలో భవిష్యవాణి కోసం నిలబడటం ఆరాధనే. ఇవి మనకు కావు. ఈ మాట ప్రేమతో చెప్పాలి, కానీ చెప్పాలి.

రెండవది, తిట్టడం. మైకు చేతికి రాగానే పక్కవారి దేవతలను ఎగతాళి చేసే ప్రసంగాలు మన మధ్య పెరిగాయి. ఫోన్లలో అవే తిరుగుతున్నాయి. దాని ఫలితం బస్తీలో మన ఇళ్లమీద పడుతోంది. అపొస్తలుల కార్యములు పందొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు కరణము జనసమూహాన్ని శాంతింపజేస్తూ, ఈ మనుష్యులు గుడి దోచుకోలేదు, మన దేవతను దూషించలేదు అని సాక్ష్యమిచ్చాడు. పౌలు ఆ పట్టణంలో రెండేళ్లకు పైగా వాక్యం చెప్పాడు. విగ్రహాలు చేసేవారి వ్యాపారమే కుంటుపడింది. అయినా దూషించాడని ఎవరూ అనలేకపోయారు. మన గురించి మన బస్తీ పెద్ద ఆ సాక్ష్యం ఇవ్వగలడా? చట్టానికి భయపడి కాదు, సువార్త కోసమే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

ఇప్పుడు చందా సంగతి. రాజ్యాంగం 27వ అధికరణం ఒక మతాన్ని పోషించడానికి ప్రభుత్వం పన్ను వేయకూడదని చెబుతుంది. అది ప్రభుత్వానికి సంబంధించినది. వీధి చందా ఇష్టంతో ఇచ్చేది. బెదిరించి వసూలు చేస్తే అది నేరం, దాన్ని కమిటీ పెద్దలతోనే ముందు మాట్లాడాలి. ప్రభుత్వం బోనాలకు నిధులు ఇస్తోందని మనలో కొందరు సణుగుతారు. ఎల్.బి. స్టేడియంలో ప్రభుత్వం పెట్టిన క్రిస్మస్ విందులో మనమూ కూర్చున్నాం, క్రిస్మస్ బట్టలు మనమూ తీసుకున్నాం. ఒక చేత్తో తీసుకుంటూ రెండో చేత్తో వేలు చూపించడం నిజాయితీ కాదు. రెండూ వద్దని అనే ధైర్యం ఉంటే అది వేరే చర్చ.

ప్రసాదం గురించి పౌలు మూడు చోట్లను విడదీసి చెప్పాడు. గుడి బల్ల దగ్గర కూర్చోవద్దన్నాడు. అంగడిలో అమ్మినది మనస్సాక్షి కోసం విచారించకుండా కొనుక్కోమన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వెళ్లి తినమన్నాడు, కానీ ఇది అర్పితమని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాని కోసం మానుకోమన్నాడు. కాబట్టి పక్కింటివారు పండుగ రోజు విందుకు పిలిస్తే వెళ్లండి. కూర్చోండి, కుశలం అడగండి. ప్రసాదం అని చేతికి ఇస్తే, "అక్కా, మా పద్ధతి వేరు, ఏమనుకోవద్దు, అన్నం పెట్టు తింట" అని చెప్పండి. నవ్వుతూ చెబితే ఎక్కువమంది అర్థం చేసుకుంటారు. ముఖం తిప్పుకుంటే ఎవరూ అర్థం చేసుకోరు.

డప్పు సంగతి దాటిపోలేను. పల్లెల్లో మన విశ్వాసులలో ఎంతోమంది మాదిగ సహోదరులు. ఊరి పండుగకు డప్పు కొట్టడం వారి కుల బాధ్యత అని ఇంకా అనుకునే ఊళ్లు ఉన్నాయి. రామని చెప్పినవారికి పని ఇవ్వడం మానేసిన చోట్లు నాకు తెలుసు. డప్పు అపవిత్రమైనది కాదు, గొప్ప వాద్యం. మన క్రిస్మస్ ఊరేగింపులో అది మోగితే నాకు సంతోషం. కానీ కులం పేరుతో బలవంతంగా కొట్టించడం వెట్టి. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. దేవత పేరుతో ఆడపిల్లలను జోగినులుగా మార్చే దురాచారాన్ని 1988లో చట్టం నిషేధించింది. దాని మీద పోరాడినవారు మనవాళ్లే కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ, ఆ తర్వాత నిజామాబాదు ప్రాంతంలో కవి జాషువా కుమార్తె హేమలతా లవణం ఆ పని చేశారు. ఇలాంటి విషయాల్లో మనం మౌనంగా ఉండి, ప్రసాదం దగ్గర మాత్రం గొంతు పెంచితే మన ప్రాధాన్యాలు తలకిందులైనట్టే.

శబ్దం సంగతికీ వద్దాం, ఎందుకంటే బోనాలు వచ్చేది ఆదివారమే. మన ఆరాధన వేళకే వీధిలో డప్పులు, పోతరాజు కొరడా, మైకులు. రోడ్డు మూసేస్తారు, ముసలివారు మందిరానికి రాలేరు. ఫిర్యాదు చేద్దామని మా పెద్దలలో కొందరు అన్నారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000లో కేంద్రం నియమాలు తెచ్చింది. అదే సంవత్సరం సుప్రీంకోర్టు ఏ మతమూ మైకులతో ప్రార్థించి పక్కవారి శాంతిని చెడగొట్టమని చెప్పదని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఎవరి మీద వచ్చిందో తెలుసా? చెన్నైలోని ఒక సంఘం మీద. మన డ్రమ్ములు, మన మైకుల మీద. అందుకని ఫిర్యాదు కాగితం పక్కన పెట్టి, ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని నేనే కమిటీ అధ్యక్షుని ఇంటికి వెళ్లాను. మా ఆరాధనను ఆ ఒక్క ఆదివారం ఉదయం ఏడుకు మార్చుకుంటామని, తొమ్మిది వరకు మందిరం ఎదుట మైకు పెట్టవద్దని అడిగాను. ఆయన టీ తెప్పించి, "దీనికి మీరు రావాలా పాస్టర్ గారూ, ఫోన్ చేస్తే చాలు" అన్నాడు. పదిహేనేళ్లుగా ఒకే వీధిలో ఉన్నాం. ఆయన ఇంట్లో అడుగు పెట్టడం నాకు అదే మొదటిసారి.

చివరిగా మన ఇంటి లెక్క. దోర్నకల్ బిషప్ అజరయ్య తన కేతెడ్రల్ కట్టించినప్పుడు ఈ నేల కట్టడపు రీతులను అందులోకి తెచ్చాడు. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరం ఇప్పటికీ మన ఊరి మందిరంలా కనిపిస్తుంది. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ మందిరం కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని, తిండి ఇస్తూ లేచింది. అన్నం పెట్టడం, కలిసి పనిచేయడం, కలిసి పండుగ చేసుకోవడం మన పితరులకు తెలుసు. మన కోత పండుగలు ఇప్పుడు వేలంపాటగా మిగిలాయి. మనలో ఒకరు చనిపోతే రాత్రి పన్నెండు గంటలకు దవాఖానకు వెళ్లే నలుగురు యువకుల పేర్లు సంఘం గోడమీద ఉన్నాయా? ఉంటే ఆ సహోదరి ప్రశ్న పుట్టేదే కాదు.

ఆమె ఏం చేసిందో చెప్పి ముగిస్తాను. చందా పుస్తకంలో పేరు రాయలేదు. కమిటీ కుర్రాళ్లను పిలిచి, ఎందుకు రాయలేదో చెప్పి, ఆ రాత్రి వారు చేసిన మేలు మరిచిపోలేదని చెప్పింది. బోనాల ఆదివారం మా ఆరాధన ముగించుకుని వెళ్లి, ఇంటి ముందు రెండు డ్రముల మంచినీళ్లు పెట్టి, ఎండలో బోనం ఎత్తుకుని వరుసలో నిలబడిన ఆడవాళ్లకు సాయంత్రం దాకా గ్లాసులతో అందించింది. అది పండుగలో పాలుపొందడమేనని మా సంఘంలో ఒక పెద్దాయన ఇప్పటికీ నాతో వాదిస్తున్నారు. ఆయన మనస్సాక్షిని నేను గౌరవిస్తాను. నా మట్టుకు నేను, దప్పిగొన్నవారికి నీళ్లిచ్చిన చేతిని ప్రభువు తప్పుపడతాడని అనుకోను.

ఈ వారం మా యువజన సంఘం నలుగురి పేర్లు, ఫోన్ నంబర్లు రాసి మందిరం తలుపు దగ్గర అంటించింది. మీ సంఘంలోనూ ఆ కాగితం అంటించండి. ప్రభువు కృప మీ అందరికీ, మీ వీధిలోని వారందరికీ తోడై యుండును గాక. ఆమేన్.