గుంటణ్ణి నిద్రపోనివ్వండి

మా నౌపడ వైపు పదో తరగతి ఫలితాలు రాగానే ఓ వలస మొదలవుతుంది. పదిహేనేళ్ళ గుంటలు పెట్టె సర్దుకుని విశాఖపట్నం హాస్టళ్ళకి రైలెక్కుతారు. ఎక్కించే ముందు వాళ్ళ నాన్న మనలాంటి సాఫ్ట్‌వేరోడికి ఫోన్ చేస్తాడు. "ఏటి బాబూ, ఆ కాలేజీ మంచిదేనా?" మనవాళ్ళు తడుముకోకుండా "చేర్పించెయ్యండి మావయ్యా, రెండేళ్ళు కష్టపడితే లైఫ్ సెటిల్" అంటారు. నా కోపం ఆ కాలేజీల మీద కన్నా ఈ సలహా మీదే.

పొద్దున్న ఐదింటికి లేపి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్ అంటే ఇక నిద్రెంత? ఆరు గంటలు కూడా దక్కదు. 13-18 ఏళ్ళవాళ్ళకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం అంటోంది. పైగా ఆ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కడాన్ దశాబ్దాలుగా పనిచేసింది దీనిమీదే. అంటే ఐదింటికి లేవలేకపోవడం బద్ధకం కాదు మహాప్రభో, వాడి ఒంట్లో గడియారం! కాలిఫోర్నియాలో 2019లో చట్టం చేసి, 2022 నుంచి హైస్కూళ్ళు ఎనిమిదిన్నరకి ముందు మొదలెట్టకూడదన్నారు (పల్లెటూరి బళ్ళకి మినహాయింపు ఉందనుకోండి). మనవాడు ఆ వేళకి ఓ స్లిప్ టెస్టు, నాలుగు తిట్లు ముగించుకుని ఉంటాడు.

జే గీడ్ బృందం పిల్లల మెదళ్ళని ఏళ్ళ తరబడి ఎమ్మారై తీసి, టీనేజీలోనూ మెదడు మారుతూనే ఉంటుందని 1999లో చూపించింది. వాడని కనెక్షన్లు తెగుతాయి, మిగిలినవాటికి మైలిన్ పూత పడి వేగం పెరుగుతుంది. ముందుచూపూ, నిగ్రహమూ చూసుకునే నుదుటి వెనక భాగం పాతికేళ్ళ దాకా పూర్తికాదు. చదివింది బుర్రలో కుదురుకోడానికీ నిద్రే కావాలి. అప్‌గ్రేడ్ నడుస్తున్న ప్రొడక్షన్ సర్వర్ మీద మనం లోడ్ టెస్ట్ పెడతామా? అదే మనకి రెండు రాత్రులు డిప్లాయ్‌మెంట్ పడితే మూడోరోజు కాంపాఫ్ కావాలి :)

"మేం అలా చదివే పైకొచ్చాం కదా" అంటారు. వచ్చినవాళ్ళే ఆ మాటంటారు. రానివాళ్ళకి ఎవరూ ఫోన్ చేసి సలహా అడగరు. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో చావుకీ కారణాలు వేరు కావొచ్చు. కానీ మార్కుల మెమోనే జీవితమని రెండేళ్ళు నూరిపోసింది పెద్దవాళ్ళమే కదా?

ఈసారి ఫోనొస్తే ర్యాంకుల ప్రకటన పక్కనపెట్టి, అక్కడ లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో, ఆదివారం ఏం చేయిస్తారో కనుక్కోమనండి. టెక్కలిలో ఇంటర్ చదువుకుని, సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ చేతి అన్నం తిని పడుకునే దారి కూడా ఉందని చెప్పండి.