జొన్నబెండు బండి, ప్లాస్టిక్ కారు

అరవై దాటిన తెలుగు పండితునికి ప్లాస్టిక్ కార్లు అతికించే వ్యాసంగంతో ఏమి పని అని మిత్రులు అడుగవచ్చు. పని ఉన్నది. మా మనుమడు వేసవి సెలవులలో అటువంటి కారొకటి కట్టడం మొదలుపెట్టాడు. "ఇంత డబ్బు పోసి ముక్కలు కొనడమేమిటి? అదే డబ్బుకు తయారైన కారే వస్తుంది గదా" అని ఇంట్లో అందరూ అన్నారు. ఆ మాటకు సమాధానం వ్రాయాలనిపించి ఈ టపా.

మా గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట పల్లెలలో నా ఈడు వారికి ఈ విద్య కొత్తది కాదు. కోత అయిన జొన్నచేలో దంట్లు ఏరుకొని వచ్చి, పైబద్ద ఒలిచి, లోపలి తెల్లని బెండును ముక్కలు కోసి, ఒలిచిన బద్దలనే మేకులుగా గుచ్చి ఎడ్లబండి కట్టేవాళ్ళం. బద్దను ఏమరుపాటుగా లాగితే వేలు తెగేది. జిగురు లేదు, రంగు లేదు, పైసా ఖర్చు లేదు. అయినా ఆ బండికి నొగలుండేవి, కాడి ఉండేది, ఇరుసు తిరిగేది, చక్రం జారిపోకుండా కడచీల ఉండేది. అసలు బండిలో ఉన్నది ఇందులో లేకపోతే తోటివాడు ఒప్పుకునేవాడు కాదు. తాటిబుర్రల చక్రాలతో తోసుకుపోయే బండి వేరు. అది పరుగు కోసం. బెండుబండి అచ్చంగా పోలిక కోసం. నమూనా నిర్మాణమని నేడు పెద్ద పేరు పెట్టి పిలిచేది దీనినే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పాఠంలో "నొగ" అన్న మాట వస్తే అర్థం చెప్పవలసిన అవసరం ఉండేది కాదు. పదవీ విరమణ నాటికి నల్లబల్ల మీద బండి బొమ్మ గీసి, బాణం గుర్తు వేసి చూపించవలసి వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. అవి లేకపోతే ఎన్ని మాటలు పోగొట్టుకొని ఉండేవాళ్ళమో! కానీ కోశంలో ఉన్న మాట పిల్లవాని నోటికి రావాలంటే ఆ వస్తువు ఒకసారి వాని వ్రేళ్ళ మధ్యకు రావాలి. కడచీల ఊడి చక్రం దొర్లిపోయిన పిల్లవాడు ఆ మాటను మరచిపోడు.

మా మెట్టలో ప్రత్తి, మిరప పెరిగినకొద్దీ జొన్న తగ్గింది. ప్రత్తికట్టెలో బెండు ఉండదు. అది పొయ్యిలోకే. కనుక బెండుబండే కట్టుకోండి అని మనుమలకు ఉపదేశించడం తేలిక, దంటు తెచ్చి ఇవ్వడం కష్టం. కొండపల్లి బొమ్మ కొనిపెట్టరాదా అన్నారు మరొక మిత్రులు. తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, రంగులద్దే ఆ శిల్పుల పనికి నమస్కారం. కానీ ఆ పని వారు చేసినది. మన పిల్లవాడు చూచి అలమరలో పెడతాడు. నేను అడుగుతున్నది పిల్లవాని చేతికి పని.

ఇది పరదేశపు విలాసం అన్న మాటకూడా పూర్తిగా నిజం కాదు. ఈ రంగంలో పేరుమోసిన జపాన్ సంస్థ టమియా 1946లో షిజువోకలో కలప వ్యాపారంగా పుట్టినది. మొదట కర్ర నమూనాలు చేసి, 1960లో గాని ప్లాస్టిక్ జోలికి రాలేదు. బ్రిటన్‌లోని ఎయిర్‌ఫిక్స్ 1949లో చేసినది ఫెర్గుసన్ ట్రాక్టరు బొమ్మ, ట్రాక్టర్లు అమ్మేవారు వెంట తీసుకుపోయి చూపించుకోవడానికి. తరువాత దానినే విడిభాగాలుగా అమ్మారు. మన ఎడ్లను చేలలోనుండి పంపివేసిన యంత్రమే ఈ వినోదానికీ తొలి మెట్టయిందన్న మాట!

ఇక మొదలుపెట్టేవారికి. కార్ల నమూనాలలో ఎక్కువగా కనిపించేది 1:24 కొలత. 2014లో తయారీ ఆగిపోయిన మన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. ఇరవైనాలుగుతో భాగిస్తే 18 సెంటీమీటర్లు, అనగా జానెడుకు కొంచెం తక్కువ. ఈ లెక్కను పిల్లవాని చేతనే చేయించండి. భాగహారం మీద వానికి మొదటిసారి గౌరవం కలుగుతుంది. తొలి పెట్టె జిగురు అక్కరలేకుండా నొక్కితే బిగిసే రకమైతే మంచిది. పరికరాలన్నీ ఒకేసారి కొనవద్దు. చిన్న కత్తెర, చాకు, ఉప్పుకాగితం చాలు. చాకు పట్టేటప్పుడు పెద్దవారు ప్రక్కన ఉండాలి.

పెట్టె తెరిస్తే ముక్కలన్నీ ప్లాస్టిక్ తీగకు కాయలవలె అంటుకొని ఉంటాయి. వీటిని లాగరాదు. మిరపకాయను తొడిమతో కోసినట్లు, కొంత తొడిమ ఉంచి కత్తిరించి, తరువాత ఆ తొడిమను చాకుతో చెక్కి ఉప్పుకాగితంతో నున్న చేయాలి. మా వాడు ఒకసారి వినగానే గ్రహించాడు. పెట్టెలోని కాగితం మీద దానికి ఏదో ఆంగ్లనామం ఉన్నది. మా ఇంట మాత్రం అది తొడిమే. అద్దాలకు క్షణంలో పట్టే జిగురు వాడితే తెల్లని మసక కమ్ముతుంది. కర్రపనికి వాడే తెల్లజిగురు మేలు. మిగిలిన భాగాలకు వాడే జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది గనుక చుక్క కంటె ఎక్కువ అక్కరలేదు. దాని వాసన మంచిది కాదు, కిటికీ తెరచి కూర్చోవాలి. అతికే ముందు ముక్కలను ఒకసారి ఊరికే కూర్చి చూడాలి. రంగు పలుచగా, పొరపొరగా వేయాలి. వానముసురులో వేస్తే మెరుపు చెడుతుంది.

కారు అడుగుభాగానికి చట్రమని, చక్రాలను కలిపే కడ్డీకి ఇరుసని చెప్పాను. "బండికీ ఇరుసేనా తాతయ్యా?" అన్నాడు. అవునన్నాను. కడచీల దగ్గర మాత్రం ఆగిపోయాము, ఈ కారులో చక్రాన్ని ఆపే చిన్న మూత ఉన్నది గాని దానికి నాకు పేరు తోచలేదు. కడచీల అనడానికి మనసు ఒప్పుకోవడం లేదు, అది గ్రుచ్చేది కాదు, తొడిగేది. మీ ప్రాంతంలో ఇటువంటి దానికి వడ్రంగులు గాని, బండ్లు తోలేవారు గాని వాడే మాట ఏదైనా ఉంటే దయచేసి తెలుపగలరు. వాడు అడుగుతున్నాడు.