మౌస్ ఎవరి చేతిలో ఉంది?

రాజమహేంద్రవరంలో అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ప్రైవేటు బళ్ల ఫ్లెక్సీల మీద ‘డిజిటల్ క్లాస్’ ఉండి తీరాల్సిందే. సర్కారు బళ్లూ తక్కువ తినలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నాడు-నేడు పథకం కింద తరగతి గోడలకు పెద్ద తెరలు వచ్చాయి. 2022 డిసెంబరు 21 నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు 5 లక్షలకు పైగా పంచారు. వీటితో చదువు మీద ఆసక్తి పెరుగుతుందని నాయకులూ యాజమాన్యాలూ ఒకే మాట చెబుతారు.

ఆసక్తి పుట్టే మాట నిజమే. కాకపోతే మొదట పుట్టేది వస్తువు మీద మోజు. పాఠం మీద ఇష్టంగా అది మారాలంటే వస్తువు ముందు పిల్లాడికి పని ఉండాలి. మన కంప్యూటర్ ల్యాబ్‌లలో సాధారణంగా ఒక సిస్టమ్ ముందు నలుగురు కూర్చుంటారు. ఇంట్లో ఫోను బాగా తిప్పేవాడి చేతికి మౌస్ పోతుంది. పక్కవాడు ‘అది కాదురా, కిందది నొక్కు’ అంటాడు. వెనక ఇద్దరూ తలలు వంచి చూస్తారు, కాసేపటికి అదీ మానేస్తారు. ఆ ఇద్దరిలో తరచుగా ఒక ఆడపిల్ల ఉంటుంది.

పిల్లల చేతికి పని దొరికినచోట సంగతి వేరు. వడోదరలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం పరిశీలించిన బళ్లలో నాలుగో తరగతి పిల్లలు ఇద్దరికో కంప్యూటర్ చొప్పున వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడారు. లెక్కల్లో బాగా ముందుకొచ్చారు. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌తో బడి అయ్యాక నడిపిన కేంద్రాల్లోనూ నాలుగున్నర నెలల్లోనే మంచి ఫలితం కనిపించింది. అక్కడ పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడన్నది కాదు, ఎంతవరకు వచ్చో చూసి యంత్రం ప్రశ్న వేస్తుంది.

కిటుకు అక్కడే ఉంది. ఎనిమిదిలో ఉండి భాగహారం రానివాడు తరగతిలో నోరు విప్పడు. ‘ఇది కూడా రాదా’ అంటారని భయం. తెర అలా అనదు. తప్పు చేసినా పదిమందికీ తెలియదు, మళ్లీ నొక్కొచ్చు. కానీ వాడికి ఎనిమిదో తరగతి వీడియోనే రంగులద్ది చూపిస్తే అర్థంకాని పాఠం రెండోసారి విన్నట్టే.

యంత్రాల పక్కన మనిషి కూడా ఉండాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 హైస్కూళ్లకు కంప్యూటర్లు ఇచ్చి, బోధకులను కాంట్రాక్టు మీద పెట్టారు. గడువు తీరగానే వాళ్లు ఇంటికి పోయారు, చాలా ల్యాబ్‌లకు తాళాలు పడ్డాయి. ఈసారి తనిఖీకి వచ్చే అధికారులు ఎన్ని పరికరాలు ఉన్నాయో లెక్కపెట్టుకుని పోకుండా, వెనక కూర్చున్న పిల్లను పిలిచి ఈ వారం మౌస్ ఎంతసేపు పట్టుకున్నావని అడగాలి.