మల్లయోధురాలి మోకాలు ఎవరి బాధ్యత?

2016 రియో ఒలింపిక్స్‌లో వినేశ్ ఫొగాట్ మోకాలి గాయంతో స్ట్రెచర్ మీద బయటికొచ్చింది. 2023 ఆగస్టులో మరోసారి మోకాలి ఆపరేషన్ చేయించుకుంది. 2024 పారిస్‌లో 50 కిలోల విభాగం ఫైనల్‌కు చేరాక, 100 గ్రాములు ఎక్కువుందని అనర్హురాలిని చేశారు. రాత్రంతా చెమటోడ్చినా, చివరికి జుట్టు కత్తిరించినా ఆ బరువు తగ్గలేదు. దేశమంతా చేజారిన పతకం గురించే మాట్లాడింది. ఆ శరీరం ఏం భరించిందో మాట్లాడినవాళ్ళు తక్కువ.

కుస్తీలో, జూడోలో పాదం మ్యాట్ మీద నిలిచిపోయి ఒళ్ళు మెలితిరిగితే మోకాలి లోపలి లిగమెంటు తెగుతుంది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ బరిలోకి దిగాలంటే సుమారు తొమ్మిది నెలలు పడుతుంది. అన్నాళ్ళూ ఫిజియోథెరపీ, మంచి తిండి, విశ్రాంతి కావాలి. ఇక బరువు తగ్గడానికి నీళ్ళు మానేసి ఆవిరి గదుల్లో కూర్చోవడం ప్రాణాలకే ముప్పు. అమెరికాలో 1997 చివర్లో కొద్ది వారాల తేడాతో ముగ్గురు కాలేజీ కుస్తీ ఆటగాళ్ళు ఇలాగే చనిపోయాకే అక్కడ నిబంధనలు మార్చారు. ఆడపిల్లల్లో చాలినంత తిండి లేని కఠిన శిక్షణ నెలసరిని ఆపేస్తుంది, ఎముకల్ని గుల్ల చేస్తుంది. ఈ సంగతి పదిహేనేళ్ళ పిల్ల మగ కోచ్‌తో ఎలా చెప్పుకుంటుంది? చెబితే జట్టు నుంచి తీసేస్తారేమోనన్న భయం ఒకవైపు, ఆటతో వచ్చే ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్న ఇల్లు మరొకవైపు.

వైద్యం అధికారుల చేతిలో వరంగా మారితే ఏమవుతుంది? కుస్తీ సమాఖ్య అప్పటి అధ్యక్షుడిపై 2023లో ఢిల్లీ పోలీసులకు అందిన ఫిర్యాదులు చూడండి. తన లైంగిక కోరికకు లొంగితే గాయం చికిత్స ఖర్చు సమాఖ్య భరిస్తుందని ఆయన అన్నాడని ఒక క్రీడాకారిణి ఆరోపించింది. ఆయన ఆరోపణలన్నిటినీ ఖండించాడు. 2024 మేలో ఢిల్లీ కోర్టు అభియోగాలు నమోదు చేసింది. నిజానిజాలు తేల్చవలసింది కోర్టు. కానీ చట్టం వచ్చిన పదేళ్ళకు కూడా, 2023 నాటికి, ఆ సమాఖ్యలో సక్రమమైన అంతర్గత ఫిర్యాదుల కమిటీ లేదని ప్రభుత్వం నియమించిన పర్యవేక్షణ సంఘమే తేల్చింది. మరి ఆ అమ్మాయిలు ఎవరికి చెప్పుకోవాలి?

పారిస్ తర్వాత భారత ఒలింపిక్ సంఘం, బరువు బాధ్యత క్రీడాకారులదీ వాళ్ళ కోచ్‌లదీ అని ప్రకటించింది. గెలిస్తే దేశానిది, ఒళ్ళు దెబ్బతింటే ఆమెది! ఫ్యాక్టరీలో గాయపడ్డ కార్మికుడికి పరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923లోనే చట్టం వచ్చింది. దేశం పేరున ఆడి మోకాలు పోగొట్టుకున్న స్త్రీ మాత్రం ఒకరి దయాదాక్షిణ్యాల కోసం ఎదురుచూడాలా?

ఈ ప్రశ్న ఢిల్లీకే పరిమితం కాదు. మన జిల్లాల్లోని క్రీడా హాస్టళ్ళకు మనం వెళ్ళగలం. గాయమైన పిల్లను ఏ డాక్టరు చూస్తున్నారు? ఖర్చెవరిది? బీమా ఉందా? ఆట ఆపమని చెప్పే అధికారం డాక్టరుకుందా, కోచ్‌కుందా? ఆడపిల్లలు మనసు విప్పి చెప్పుకోడానికి మహిళా డాక్టరో, ఫిజియోథెరపిస్టో ఉన్నారా? ఫిర్యాదుల కమిటీ సభ్యుల పేర్లు గోడ మీద ఉన్నాయా? ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడుగుదాం. జవాబులు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. గాయపడ్డ క్రీడాకారిణికి వైద్యం ఆమె హక్కు. దాన్ని బేరానికి పెట్టే వీలు ఏ అధికారికీ ఉండకూడదు.