పొట్లంలో దాగిన పచ్చదనం

కార్తీక మాసపు ముసురులో తిరుమల మెట్ల దారి పక్కనున్న రాళ్లు పచ్చబడతాయి. ముందు నడిచే పెద్దావిడ వెనక్కి తిరిగి, "పాసి పట్టిండాది నాయనా, చూసి అడుగెయ్" అంటుంది. చూసే అడుగేస్తాం. జారకుండా దాటితే చాలు, ఆ పచ్చదనం సంగతి మనకు పట్టదు.

దాని ముందు గొంతుక్కూర్చునే వాళ్లూ ఉన్నారు. రాళ్లకూ గోడలకూ అంటుకుని పెరిగే నాచు మొక్కలు, చెమ్మ నేల మీద పరుచుకునే లివర్‌వర్టులు వాళ్ల లోకం. వీటికి పూలు పూయవు, అసలైన వేళ్లూ ఉండవు. చాలా నాచుల ఆకు మందం ఒకే ఒక్క కణం. లాహోరులో వృక్షశాస్త్రం పాఠం చెప్పిన శివరామ్ కశ్యప్ వీటి కోసమే హిమాలయాల్లో తిరిగి, 1929లో లివర్‌వర్టుల మీద పుస్తకం వేశారు.

సేకరించడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. చిన్న కత్తితో కాస్త గీకి, కాగితం పొట్లంలో వేసి, నీడలో ఆరబెడతారు. పూల మొక్కల్లా బరువు పెట్టి అణచి, అట్టకు అతికించే పని లేదు. పొట్లం మీద ఊరు, తేదీ, కొండ ఎత్తు, రాతి మీద దొరికిందా బెరడు మీదా అన్నది రాస్తారు. కొండ మీద రాసుకునేది పెన్సిలుతోనే, వాన తడికి సిరా చెదురుతుంది కాబట్టి. ఆ పొట్లాలు ఎండు మొక్కలను దాచే హెర్బేరియం అలమారలో చేరతాయి.

ఇక్కడే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఏళ్ల తరబడి ఎండి ముడుచుకుపోయిన నాచును నీళ్లలో వేస్తే, కాసేపట్లో ఆకులు విప్పుకుంటుంది. సూక్ష్మదర్శిని కింద దాని రూపమంతా మళ్లీ కనిపిస్తుంది. లివర్‌వర్టులు కొంచెం సుకుమారం. వాటి కణాల్లోని నూనె బిందువులు ఎండితే కరిగిపోతాయి, అందుకే పచ్చిగా ఉండగానే చూసి రాసుకోవాలి. అయినా రిక్సియా ప్రజాతి లివర్‌వర్టు ఒకటి హెర్బేరియంలో 23 ఏళ్లు ఎండి ఉండి, తడి తగలగానే మళ్లీ ప్రాణం పోసుకుందని నమోదైంది. వాన కోసం ఎదురుచూడడం తెలిసిన రాయలసీమ వాళ్లకు ఆ ఓపిక విలువ వేరే చెప్పాలా?

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పూల మొక్కలకు పుస్తకానికెక్కే భాగ్యం దక్కింది. మాధవ చెట్టి, శివాజీ, తులసీరావు కలిసి రాసిన 'ఫ్లవరింగ్ ప్లాంట్స్ ఆఫ్ చిత్తూర్ డిస్ట్రిక్ట్' 2008లో తిరుపతిలోనే అచ్చయింది. శేషాచలం ఎర్రచందనం పేరు లోకమంతా ఎరుగును. ఆ చెట్ల నీడలోనే, తలకోన జలపాతం తుంపర పడే బండల మీద, పాపవినాశనం దారిలో, అడుగున పెరిగే ఈ చిన్న ప్రాణాలకూ అంత శ్రద్ధ దక్కాలని నా ఆశ.

ధర పలకని దాన్ని వెతికి, పేరు పెట్టి, ఎప్పుడో పుట్టబోయే మనిషి కోసం పొట్లం కట్టి ఉంచడం నాకు చాలా పెద్ద మనసుగా తోస్తుంది. ఈ రోజు కట్టిన పొట్లాన్ని యాభై ఏళ్లకు ఎవరు విప్పుతారో కట్టినవారికి తెలియదు. విప్పేవారికి మాత్రం ఫలానా రోజున, ఫలానా కొండ మీద ఈ బండ తడిసి ఉండేదని తెలుస్తుంది.

తిరుపతిలో వృక్షశాస్త్రం చదివే పిల్లలారా, అటవీ శాఖ అనుమతి తీసుకుని, మీ గురువుల వెంట ఒకసారి తలకోనకు వెళ్లండి. చిటికెడు చాలు, మిగతాది రాతికే వదిలేయండి. పొట్లం మీద ఊరూ తేదీ రాయడం మాత్రం మరవకండి.